ఎనభై మూడు శాతం దగ్గర

"ఏం నొక్కావ్?"

ఉదయం సింకు దగ్గర పాలగిన్నె తోముతుంటే వెనక నుంచి వినిపించిన మొదటి మాట అది. మా ఆయన వంటింటి గుమ్మంలో నిలబడి ఉన్నారు. ముఖంలో దొంగను పట్టుకున్నంత తృప్తి.

"నేనేం నొక్కలేదు. గిన్నె తోముతున్నాను."

"మరి ప్రాజెక్టు ఎందుకు తెరుచుకోవడం లేదు? అరగంట నుంచి ఎనభై మూడు శాతం దగ్గరే కూర్చుంది."

ముందు రోజు ఎడిటింగ్ సాఫ్ట్‌వేర్‌ని కొత్త వెర్షన్‌కి మార్చింది ఆయన. చేతిలో ఉన్న సినిమా అప్పగించేదాకా దాని జోలికి పోవద్దని చెప్పింది నేను. "మీ ఆడవాళ్ళకి కొత్తదంటే చాలు, భయం" అని నవ్వి, కాలు మీద కాలేసుకుని బటన్ నొక్కింది కూడా ఆయనే. తెల్లారి అది మొరాయించేసరికి నొక్కింది నేనైపోయాను. పదకొండేళ్ళ కాపురంలో ఇది నాకు కొత్త కాదు. ఆయనకి నేను బహువచనం వాడుతున్నది కూడా అలవాటు కొద్దీయే, గౌరవం అనుకుని పొరబడకండి.

మా ఇంటి ముందుగదే స్టూడియో. గోడ మీద ఆయన ఫోటో ఉంటుంది, కెమెరా భుజాన పెట్టుకుని ఎటో దూరంగా చూస్తూ. బయట బోర్డు మీద ఆయన పేరు. ఆయన షూటింగ్‌కి వెళతారు, ఫోన్లు మాట్లాడతారు, వచ్చినవాళ్ళతో కాఫీ తాగుతారు. తక్కిన పని, అంటే ఆయన తెచ్చిపోసిన కుప్పలోంచి సినిమా అనదగ్గదాన్ని ఏరి కూర్చడం, నాది. మా అత్తగారు దాన్ని పని అనరు. "రోజంతా నీడపట్టున కూర్చుని బొమ్మలు చూడ్డమేగా" అంటారు. ఆవిడ కొడుకు అదే నీడపట్టున కూర్చుని ఫోను చూసుకుంటే మాత్రం వ్యాపారం.

ఆ వారం చేతిలో ఉన్నది బధిర పిల్లల బడి మీద తీసిన సినిమా. ఆ బడిని ముప్ఫై ఏళ్ళు నడిపిన హెడ్మిస్ట్రెస్‌గారు మర్నాడు రిటైరవుతున్నారు. వీడ్కోలు సభలో సినిమా వేస్తారు. చివరిసారి చూసి సరేననడానికి ఆవిడ ఆ సాయంత్రం నాలుగింటికి మా ఇంటికి రావాలి. అది నాకు మూడు నెలల పని. ఆ పిల్లలు చేతులతో మాట్లాడతారు. మా ఆయన వాళ్ళ ముఖాలు తీసుకొచ్చారు. వెటకారం కాదు, నిజం. చేతులు ఫ్రేములోనే లేవు. ఒక పిల్ల ఐదు నిమిషాల పాటు తన సంగతంతా చెప్పుకుంటే, ఆయన కెమెరా ఆ ఐదు నిమిషాలూ ఆమె కళ్ళని చూస్తూ కూర్చుంది. అడిగితే "ఎమోషన్ ముఖంలో ఉంటుంది, నీకు తెలీదు" అన్నారు. గది మూల స్టాండు మీద పెట్టి ఆపడం మరిచిపోయిన రెండో కెమెరానే ఆ సినిమాని కాపాడింది. నేను నాలుగుసార్లు బడికి వెళ్ళి, ఏ సైగ ఎక్కడ మొదలై ఎక్కడ ముగుస్తుందో హెడ్మిస్ట్రెస్‌గారి పక్కన కూర్చుని రాసుకున్నాను. మాట మధ్యలో కత్తెర పడకూడదు కదా.

తొమ్మిదింటికి మా ఆయన తను 'గురువు' అని పిలుచుకునే కంప్యూటర్ మెకానిక్‌ని రప్పించారు. గురువు వస్తూనే నా కుర్చీలో కూర్చుని, దాని ఎత్తు తన ఇష్టానికి మార్చుకుని, "సార్, ప్రాజెక్టులో ఎన్ని ఫైళ్ళున్నాయి?" అని అడిగాడు. మా ఆయన నా వంక చూశారు. నేను చెప్పాను. "ఓహో, అంతేనా సార్" అన్నాడు గురువు, మా ఆయనతో. నా జవాబు గోడకి తగిలి ఆయన నోట్లోంచి వచ్చినట్టుంది అతనికి. తరవాత ఏదో అనుమానం వచ్చి, "మేడమ్ ఏమైనా సీరియళ్ళు అవీ డౌన్‌లోడ్ చేస్తుంటారా సార్?" అన్నాడు. ఇద్దరూ నవ్వుకున్నారు. నేను సీరియల్ చూసి పదేళ్ళయింది. మా ఆయన చూస్తారు, భోజనం చేస్తూ.

పావుగంట మౌసు అటూ ఇటూ తిప్పి తీర్పు చెప్పాడు. "ఫార్మాట్ కొట్టేద్దాం సార్. సిస్టమ్ మొత్తం తుడిచేసి ఫ్రెష్‌గా వేసుకుంటే రాకెట్‌లా పోతుంది."

"కొట్టేయ్" అన్నారు మా ఆయన, దోమని కొట్టమని చెప్పినట్టు.

"ముట్టుకోవద్దు."

నా గొంతు నేననుకున్న దానికంటే గట్టిగా వచ్చింది. గురువు చెయ్యి ఆగిపోయింది. "సాయంత్రం నాలుగింటికి ఆవిడ వస్తున్నారు. తుడిచేశాక ఇందులో ఉన్నవన్నీ ఎక్కణ్ణుంచి తెచ్చి వేస్తారు? చెప్పండి, అడ్డు తప్పుకుంటాను" అన్నాను. గురువు కాఫీ పూర్తిచేసి, మెమరీ పెంచుకోవాలని ఒక సలహా పారేసి వెళ్ళిపోయాడు. మా ఆయన చొక్కా మార్చుకుంటూ, "అతన్ని అవమానించావ్. ఇక నువ్వే తెరువు, చూస్తా" అని బయటికి వెళ్ళారు. ఎక్కడికని అడగలేదు. ఇంట్లో లేకపోవడమే ఆయన చేయగల సాయం.

కుర్చీని మళ్ళీ నా ఎత్తుకి దించుకున్నాను. ముందు ఒక ఖాళీ ప్రాజెక్టు తెరిచి చూశాను. ఐదు సెకన్లలో తెరుచుకుంది. అంటే యంత్రానికి జబ్బు లేదు, మెమరీకీ లేదు. జబ్బు మా ప్రాజెక్టులోనే ఎక్కడో ఉంది. ఎఫెక్టుల కోసం బయట నుంచి తెచ్చి తగిలించిన చిన్నా చితకా ప్రోగ్రాములన్నీ ఆపేసి పాతదాన్ని మళ్ళీ తెరిచాను. గీత మెల్లగా పాకి ఎనభై మూడు దగ్గర చతికిలబడింది. అది కదిలేలోపు కుక్కర్ పెట్టాను, కూర తరిగాను, అత్తగారికి మాత్రలు ఇచ్చాను. "ఆ డబ్బా వంక గుడ్లప్పగించి చూస్తే అన్నం ఉడుకుతుందా?" అన్నారావిడ. ఉడుకుతోందని చెప్పాను.

తరవాత ప్రాజెక్టులోని ఫోల్డర్లని సగం సగం చేసి ఖాళీ దాంట్లోకి తీసుకురావడం మొదలుపెట్టాను. మొదటి సగం ఇరవై సెకన్లలో వచ్చేసింది. రెండో సగం తీస్తే గీత ఆగిపోయింది. సరే, దాన్ని మళ్ళీ సగం చేశాను. అందులో ఒక ముక్క మంచిది, ఒక ముక్క పాడు. పాడుదాన్ని మళ్ళీ రెండు చేశాను. పన్నెండున్నరకి ఒక్క ఫోల్డర్ మిగిలింది. దాని పేరు చూసి పోపు మాడుతున్న వాసన వచ్చినా లేవలేకపోయాను.

'పెద్దమ్మ' అని ఉంది. నేను పెట్టిన పేరే.

మా అమ్మకి అక్క ఆవిడ. సినిమాని రీళ్ళ మీద తీసే రోజుల్లో ఒక ఎడిటింగ్ గదిలో ఇరవై ఆరేళ్ళు ఫిల్మ్ కోసి అతికించే పని చేసింది. అక్కడ అందరూ ఆవిణ్ణి 'కత్తెరమ్మ' అనేవారట. తెర మీద మాత్రం ఏ పేరూ పడలేదు. నాకు ఈ పని నేర్పింది ఆవిడే. పోవడానికి ముందటేడు పదకొండు మధ్యాహ్నాలు ఆవిడ ఎదురుగా కెమెరా పెట్టుకుని కూర్చుని తొమ్మిది గంటలు మాట్లాడించాను. దాన్ని ఎప్పటికైనా సినిమా చేయాలని. మా ఆయన పనుల మధ్య, ఏదో ఒక వీడియో తయారయ్యేదాకా కాచుకునే పది నిమిషాల్లో, ఏ ప్రాజెక్టు మొదలుపెట్టినా అందులోకి వెంట తెచ్చుకునే ఆ ఫోల్డర్ తెరిచి కాసేపు ఆవిణ్ణి చూసుకునేదాన్ని.

ఇప్పుడు రెండు వందల పద్నాలుగు క్లిప్పులూ ఎర్రగా ఉన్నాయి. అసలు ఫైళ్ళు లేవని అర్థం. పాత వెర్షన్ ఆ సంగతి పట్టించుకోకుండా తన దగ్గరున్న చిన్న నకళ్ళు చూపించేది. కొత్తది తెరుచుకునేటప్పుడే ఒక్కో క్లిప్పు కోసం వెతికి, కాచుకుని, దొరక్క మరోదానికి వెళుతోంది. అందుకే అంత ఆలస్యం. సొరుగులోంచి నీలం డిస్కు తీసి తగిలించాను. పెద్దమ్మ ఉండాల్సింది అందులోనే. ఉన్నది మాత్రం మా బావగారి కూతురి పుట్టినరోజు, అన్ని కోణాల్లో.

మా ఆయన భోజనానికి వచ్చారు. వడ్డిస్తూ అడిగాను.

"నీలం డిస్కులో పెద్దమ్మ వీడియోలు ఉండాలి."

"ఏ వీడియోలు?" ఒక ముద్ద నమిలాక గుర్తొచ్చింది. "ఓ, అవా. చోటు చాలక తీసేశాను. ఎప్పుడో, ఆర్నెల్లయింది. కూర మాడిందేంటి?"

"నన్ను అడగాలనిపించలేదా?"

"అడగడానికి ఏముంది అందులో? ముసలావిడ సొద. ఎవడు చూస్తాడు?" అని, ఇంకాస్త అన్నం కోసం కంచం ముందుకి జరిపారు. "అయినా ఆర్నెల్లు నీకే తెలీలేదు. అంత ముఖ్యమైతే తెలిసేదిగా."

అన్నం పెట్టాను. కోపం వస్తుందని కాచుకున్నాను, రాలేదు. కోప్పడాలంటే ఎదుటి మనిషి మీద ఏదో ఒక ఆశ మిగిలి ఉండాలి. మెతుకులు అంటిన ఆ గడ్డాన్ని చూస్తే, చెప్పు కింద ఏదో అంటుకున్నప్పుడు కలిగే భావం తప్ప ఇంకేం కలగలేదు.

అప్పుడు తట్టింది. చిన్న నకళ్ళు. పని తేలిగ్గా సాగడానికి ప్రతి క్లిప్పుకీ ఒక మసక నకలు తయారుచేసి సిస్టమ్‌లోనే దాచుకుంటుంది సాఫ్ట్‌వేర్. గరిటె వదిలేసి ముందుగదిలోకి పరిగెత్తాను. వెతికితే దొరికింది ఆ ఫోల్డర్. లెక్కపెట్టాను. రెండు వందల పద్నాలుగు. పొద్దున ఆ 'కొట్టేయ్' అన్న మాట జరిగి ఉంటే ఇవీ పోయేవి. ఒకటి తెరిచాను. కిటికీ వెలుగులో పెద్దమ్మ, అంచులు కరిగిపోయి, కళ్ళద్దాలు రెండు తెల్ల మచ్చల్లా. గొంతు మాత్రం స్పష్టంగా ఉంది.

"నన్నెందుకే తీస్తావ్, పనీపాటా లేదా? ఇరవై ఆరేళ్ళు తెర వెనక ఉండి బానే ఉన్నాను" అంటూనే జడ సరిచేసుకుని సూటిగా కెమెరా వైపు తిరిగింది.

అన్నిటినీ నా సొంత డిస్కులోకి ఎక్కించాను. నమ్మకం చాలక ఇంకో డిస్కులోకి కూడా. తరవాత ఆ ఫోల్డర్‌ని మా ఆయన ప్రాజెక్టులోంచి తీసేశాను. నలభై సెకన్లలో తెరుచుకుంది.

హెడ్మిస్ట్రెస్‌గారు సరిగ్గా నాలుగింటికి వచ్చారు. మా ఆయన ఇస్త్రీ చొక్కాలో ఎదురెళ్ళారు. "పొద్దుట్నుంచి దీంతో నానా తంటాలు పడ్డానండీ. మొత్తానికి సెట్ చేశాను" అని మౌసు దగ్గర కూర్చున్నారు.

సినిమా మొదలవగానే ఆవిడ, "ఆ సౌండ్ తీసెయ్యండి. మా పిల్లలు ఎలా చూస్తారో అలా చూస్తాను" అన్నారు. ఇరవై రెండు నిమిషాలు గదిలో చప్పుడు లేదు. ఒక్కచోట ఆవిడ చెయ్యెత్తారు. "ఇక్కడ చూడండి. ఆ పిల్ల 'ఇల్లు' అంటోంది. సైగ పూర్తయ్యేలోపు కట్ అయింది. కొంచెం పొడిగిస్తారా?"

తప్పు నాదే. చూసుకోలేదు. ఆవిడ అడిగింది మాత్రం మా ఆయన్ని. ఆయన మౌసు పట్టుకుని తెర మీద బాణాన్ని ఒకసారి పైకి, ఒకసారి కిందకి నడిపించారు. ఒక మెనూ తెరిచి మూశారు. "కొత్త వెర్షన్ కదండీ, బటన్లన్నీ మార్చి పారేశారు" అన్నారు. ఇలాంటప్పుడు నేను ముందుకి వంగి "అవునండీ, మారిపోయాయి" అని అందుకుని, ఆయన చేతిలోంచి మౌసు మెల్లగా తీసుకోవాలి. ఎన్నిసార్లు చేశానో. ఆ రోజు గోడకి ఆనుకుని నిలబడే ఉన్నాను.

ముప్ఫై ఏళ్ళు చేతులు చూసి మనుషుల్ని అర్థం చేసుకున్న మనిషి ఆవిడ. ఆయన చేతిని చూశారు. నన్ను చూశారు.

"అమ్మాయ్, నువ్వు కూర్చో."

ఆయన లేవాల్సి వచ్చింది. ఎనిమిది ఫ్రేములు పొడిగించాను. పిల్ల చేతులు పైకప్పులా కలుసుకున్నాయి. తెర మీంచి చూపు తిప్పకుండానే అన్నాను, "పొద్దుట్నుంచి తంటాలు పడింది కూడా నేనేనండీ. పాడుచేసింది ఆయన."

"తెలుస్తూనే ఉంది. మా బడికి నాలుగుసార్లు వచ్చింది నువ్వేగా" అన్నారావిడ.

ఆవిడ గేటు దాటేదాకా ఓపిక పట్టారు మా ఆయన. "బయటివాళ్ళ ముందు నా పరువు తీస్తావా?" అన్నారు. లోపల్నుంచి అత్తగారు, "మొగుడి తప్పు కప్పుకోవాలి గానీ ఊరంతా చాటుకుంటారటే?" అని తోడొచ్చారు. కాసేపటికి మా ఆయన, తనే పెద్దమనసు చేసుకున్నట్టు, "సరే, పోనీలే. ఎల్లుండి నుంచి డాన్స్ స్కూల్ వాళ్ళది మొదలుపెట్టు. కెమెరా కార్డులు టేబుల్ మీద పెట్టాను" అన్నారు.

"నేను చేయను. నాకు నా సినిమా ఉంది. మసకగా ఉంది గానీ, ఉంది. ఇక మీరు తీసింది మీరే ఎడిట్ చేసుకోండి."

ఆయన నవ్వారు. నేను నవ్వకపోయేసరికి ఆ నవ్వుని ఎక్కడ దించాలో తెలియక టేబుల్ మీది కార్డుల్ని చూశారు, కంప్యూటర్‌ని చూశారు, గోడ మీది తన ఫోటోని కూడా ఒకసారి చూశారు.

"నువ్వు చేయకపోతే ఎవరు చేస్తారే ఇదంతా?" అన్నారు.

ఆ స్టూడియోని పదకొండేళ్ళుగా నడుపుతున్నది ఎవరో మా ఆయన తన నోటితో చెప్పడం అదే మొదటిసారి.