గని బురదలోని భాస్వరం

నాట్లు మొదలైన రోజులు. ఉయ్యూరులో ఎరువుల కొట్టు ముందు పొద్దున్నే పెద్ద వరుస. సయీదా వంతు వచ్చేసరికి డీఏపీ అయిపోయింది. రెండెకరాలు కౌలుకు చేసుకునే ఆ మనిషి ఒక్క కట్ట కూడా దొరక్క ఇంటిదారి పట్టింది. ఇలాంటివి మనకు అలవాటైపోయాయి. ఆ ఎరువుకు కావలసిన భాస్వరం రాయి మన దేశంలో చాలినంత లేదు. ఓడల్లో రావాలి. ఓడ ఆలస్యమైతే డెల్టాలో రైతు ఎదురుచూడాలి. ఇంతేలే అనుకుని ఊరుకోవడమే మన జబ్బు.

సయీదా కూతురు ఫరహత్ ఊరుకోలేదు. ఆమె విజయవాడ పటమటలో ఒక ప్రైవేటు ల్యాబులో కెమిస్టు. భాస్వరం రాయి తవ్వే ఒక గనిలో, రాయిని కడగగా వచ్చిన బురదను ఏళ్ళ తరబడి చెరువుల్లోకి వదిలేశారు. అందులో ఇంకా భాస్వరం ఉందని ఆమెకు తెలుసు. ఆ బురదను డ్రమ్ముల్లో తెప్పించింది. బంకమట్టిని కడిగేసి, మిగిలినదాన్ని నీళ్ళలో కలిపి, తవుడు నూనెతో చేసిన సబ్బు వేసి గాలి ఊదితే, భాస్వరం రేణువులు నురుగును అంటుకుని పైకి తేలాలి. రెండేళ్ళు తేలలేదు. మూడో ఏడు తేలాయి.

ల్యాబు యజమాని దుర్గాప్రసాద్ ఎంతో సంతోషించాడు. "దీనికి ఆసిడ్ కలిపి సూపర్ ఫాస్ఫేట్ ఎరువు చేసేద్దామమ్మా. మొదటి లోడు ఉయ్యూరు డీలర్లకే ఇస్తానని మాటిచ్చాను."

కానీ చివరి పరీక్షలో పరిమితికి మించి కాడ్మియం కనబడింది. అది నేలలో పేరుకుని, పంటలోంచి మనిషి మూత్రపిండాల్లోకి చేరే విషలోహం.

"ఈ రిపోర్టు మీద నేను సంతకం పెట్టలేనండీ," అంది ఫరహత్.

"కాస్త ఎక్కువుంది, అంతేగా. అవతల ఎరువు దొరక్క రైతులు అల్లాడుతున్నారు."

"ఆ లైన్లో మా అమ్మీ కూడా నిలబడిందండీ. ఆవిడ పొలంలో చల్లనివ్వనిది ఇంకొకళ్ళని ఎలా చల్లమంటాను?"

"సంతకం పెట్టకపోతే ఇక్కడ ఉద్యోగం ఉండదు మరి."

"సరేనండీ. అది మీ ఇష్టం, కానీ ముందు ఒక పది రోజులు గనికి వెళ్ళొస్తాను. అక్కడి చెరువులన్నీ ఒకేలా ఉండవు, కొన్నింట్లో కాడ్మియం తక్కువుండొచ్చు."

ఫరహత్ విషయమంతా సయీదాకు చెప్పింది. ఇల్లు నడిచేది ఫరహత్ జీతంతోనే. అయినా సయీదా, "వెళ్ళిరా అమ్మా. ఆ ఎరువుతో పండిన గింజలు తినేది పిల్లలేగా," అంది.

గని దగ్గర ఏడు చెరువులు. ఫరహత్ మండుటెండలో కూలీలతో కలిసి నలభై గుంటలు తవ్వించి నమూనాలు తీసింది. బాగా పాత చెరువులు రెండింటిలో కాడ్మియం పరిమితిలోపే ఉంది, మిగతా అయిదింటిలో మించిపోయింది. ఆ అంకెలు రెండుసార్లు చదివి, ఇక ఆ రెండు చెరువుల బురదే వాడదామని దుర్గాప్రసాద్ డీలర్లకు ఫోన్ చేసి మొదటి లోడు రద్దు చేశాడు.

మరుసటి ఏడు ఆ రెండు చెరువుల బురదతో చేసిన సూపర్‌ను సయీదా ఒక ఎకరంలో వేసింది. రెండో ఎకరంలో కొన్న ఎరువు వేసింది. దిగుబడి రెండింటా ఒకటే. గింజను పరీక్షిస్తే విషం జాడ లేదు.

ఈ ఫలితాలు చెప్పడానికి ఉయ్యూరులో రైతుల సమావేశం పెట్టారు. రత్తయ్య అనే పెద్దరైతు లేచి, "మిగతా అయిదు చెరువుల సంగతేంటమ్మా?" అని అడిగాడు.

"ఆ బురదను శుభ్రం చేయడం తెలిసేదాకా అది అక్కడే ఉంటుందండీ. దాని మీదే పని చేస్తున్నాం," అంది ఫరహత్.

అప్పుడు దుర్గాప్రసాద్ లేచాడు. "ఆ రోజు ఈ అమ్మాయి సంతకం పెట్టుంటే నేను మీకు విషం అమ్మేవాణ్ణి. పారేసినదాన్ని మళ్ళీ వాడుకోవడం మన అవసరం. కొరత ఎంతున్నా సరే, పరీక్షకు నిలవనిదాన్ని పొలంలోకి రానివ్వకపోవడం మన బాధ్యత."