విత్తనానికి వదిలిన సాలు

నీళ్లు వస్తున్నాయి.

ముందు చప్పుడు. తర్వాత చల్లదనం. పొడిమట్టిని ముందుకు తోసుకుంటూ, ఎండుటాకులను నెత్తిన పెట్టుకుని, నెమ్మదిగా... బీన్స్ మడి మలుపు దగ్గర ఒక్క క్షణం ఆగి, ఏదో గుర్తొచ్చినట్టు మళ్లీ బయల్దేరి... నా కాలివేళ్ల మధ్యకి.

నడక వచ్చినప్పటి నుంచీ పొద్దున్నే ఇలా చెప్పులు విడిచి కాలువలో నిలబడటం నాకు అలవాటు.

అప్పట్లో నీళ్లతోపాటు తిట్లు కూడా వచ్చేవి.

మోటారు దగ్గర నాన్న. మడి చివర అత్త. మధ్యలో నేను.

"చాల్లేరా, కట్టెయ్!"

"చాలలేదక్కా! కళ్లు పెట్టి చూడు!"

"నేను కళ్లు పెట్టి చూడబట్టే నువ్వు ఇంతవాడివయ్యావు!"

అత్త నాన్నకు అక్క. అయిదేళ్లు పెద్ద. పెళ్లి వద్దంది, పొలం చాలంది. వాళ్లిద్దరే కలిసి చేశారు ఈ నేలని. మందు డబ్బా గట్టు దాటనివ్వలేదు. "పురుగులకి అన్నదానం చేస్తున్నారు" అని చుట్టుపక్కలవాళ్లు నవ్వారు. నవ్వనీ. పురుగు తినగా మిగిలింది మేం తిన్నాం, మేం తినగా మిగిలింది ఊళ్లోవాళ్లకి ఇచ్చాం. అలా ముప్పై ఏళ్లు.

ఆ ముప్పై ఏళ్లూ తిట్టుకున్నారు.

ఎండలో గొడుగు లేకుండా తిరిగినందుకు తిట్టుకున్నారు. అన్నం చల్లారిపోతోందని తిట్టుకున్నారు. మోకాలు బాగాలేకపోయినా బరువులెత్తుతుందని నాన్న అత్తని తిట్టేవాడు — "నడుం విరిగి మంచాన పడితే నేను చెయ్యలేను!" పడితే చేసేవాడు. అది అందరికీ తెలుసు. అత్తకి ఇంకా బాగా తెలుసు.

ముందు నాన్నే పోయాడు.

ఆ తర్వాత పొలం మూగబోయింది. నీళ్లు అలాగే వచ్చేవి... తిట్లు మాత్రం లేవు. అత్త నాతో కూడా మెత్తగా మాట్లాడటం మొదలుపెట్టింది. అమ్మా, తిన్నావా అమ్మా... నాకు భయం వేసేది.

*

బయటివాళ్లతో అత్త ఎప్పుడూ మెత్తనే.

మా దగ్గర వారం వారం కూరల బుట్టలు తీసుకునే ఇళ్లు నలభై ఒకటి. నేనే బండిలో వేసుకెళ్లి ఇస్తాను. వాళ్లలో ఎవరైనా పొలం చూడటానికి వస్తే అత్త ఇంట్లోంచి కుర్చీ తెప్పించి చెట్టు నీడన వేయించేది. గ్లాసు రెండుసార్లు కడిగి నీళ్లిచ్చేది. "ఎండగా ఉంది, మీరు అటు వెళ్లకండి" అనేది.

కుర్చీ వేశారంటే నువ్వు చుట్టానివని అర్థం. మా ఇంట్లోవాళ్లు గట్టు మీదే కూర్చుంటారు.

ఒక్కరికి మాత్రం ఆ మర్యాద రెండింతలు. ఆయన లెక్కల మాస్టారు. ఉద్యోగం చాలించి పదేళ్లయింది. ప్రతి ముల్లంగినీ కళ్లద్దాల దగ్గర పెట్టుకుని చూసి, బుట్టలో వరసగా పేర్చుకునే మనిషి. ఆయన వస్తే అత్త కొంగు సర్దుకుని నిలబడేది.

అంత మర్యాద ఎందుకని అడిగితే, "చదువుకున్నాయన కదే" అంది.

*

నాన్న వాటా అన్నకీ నాకూ వచ్చింది. అన్నకి ఫ్యాన్ల దుకాణం, ఇద్దరు పిల్లలు. తన భాగం అమ్ముకుంటానన్నాడు. కోపం తెచ్చుకోవడానికి కూడా కారణం దొరకలేదు నాకు. ఎవరి కడుపు వాళ్లది.

కొనడానికి ఒకాయన సిద్ధంగా ఉన్నాడు. గోడౌన్లు కడతాడట. అన్న భాగంలోకి బావి వస్తుంది. బావి పోతే మిగతాది పొలం కాదు, మట్టి.

అప్పుడు ఆ నలభై ఒక్క ఇళ్లూ కూడబలుక్కున్నాయి.

ఈ ఆలోచన మొదట వచ్చింది టైలరమ్మకి. మా బుట్టల బండి ముందుగా ఆగేది ఆవిడ కొట్టు ముందే. మిషను తొక్కుతూనే అంది — "అందరం తలా ఒక ముక్క వేసుకుని కొనేస్తే పోలా? ముక్కలు కలిపి కుట్టడం నాకొచ్చు."

నవ్వులాటకే అంది. నవ్వు ఆగిపోయాక ఎవరూ మర్చిపోలేదు.

సంఘం పెట్టారు. వకీలు కాగితం రాశాడు. పొలమంతా సంఘం పేరు మీద. ఏ ఒక్కరిదీ కాదు, ఎవ్వరూ అమ్మడానికి లేదు. మందు చల్లడానికి లేదు. అత్త ఓపిక ఉన్నన్నాళ్లూ అత్త చేస్తుంది, తర్వాత నేను, నా తర్వాత సంఘం ఎవరిని నిలబెడితే వాళ్లు.

అన్న సంతకం పెట్టాడు. నేను పెట్టాను.

సగం పొలం అత్తది. అత్త మాత్రం సంతకం పెట్టకుండా కాగితాన్ని మడిచి దిండు కింద పెట్టుకుంది.

"ఉమ్మడి గొర్రె పుచ్చి చచ్చిందంటారు" అంది. "నలుగురిదీ అంటే ఎవరిదీ కాదు. చూద్దాం. ముల్లంగి విత్తనం చేతికొచ్చాక చెప్తా."

విత్తనానికని ప్రతి ఏడూ ఒక సాలు వదిలేస్తాం. పీకం, తినం. అది ఆకు పోగొట్టుకుని, పూత పూసి, కాయ కట్టి, నిలువునా ఎండిపోయేదాకా అలా ఉండనిస్తాం. చూడ్డానికి దిక్కులేని సాలులా ఉంటుంది. దాంట్లోనే వచ్చే ఏడు ఉంటుంది. నానమ్మ చేతి నుంచి అత్త చేతికి అలాగే వచ్చింది ఆ విత్తనం.

అది చేతికి రావడానికి ఇంకో నెల.

గోడౌన్ల ఆయన ఆగుతానన్న గడువూ ఇంకో నెలే.

*

ఆదివారాలు సంఘంవాళ్లు వచ్చేవాళ్లు. కొత్త టోపీలు, కొత్త చేతి తొడుగులు. ఏదో ఒకటి చెయ్యాలని ఆత్రం. అత్త కుర్చీలు వేయించేది. నీళ్లిచ్చేది. "మీకెందుకండీ శ్రమ" అనేది.

నాకు లోపల ఉడికిపోయేది. అత్తా, వాళ్లు చుట్టాలు కారు... పొలం కొనుక్కుంటున్నవాళ్లు.

పైకి అనలేదు. అనాల్సింది.

ఆ ఆదివారం అత్తని మోకాలి డాక్టరు దగ్గరికి తీసుకెళ్లాను. వెనక్కి వచ్చేసరికి మధ్యాహ్నం. గేటు దగ్గర నుంచే ఏదో తేడా కనిపించింది. పొలం నున్నగా ఉంది. దువ్విన తలలా ఉంది.

మాస్టారు ఎదురొచ్చారు. చొక్కా అంతా చెమట. ముఖం వెలిగిపోతోంది.

"మీరు వచ్చేలోగా శుభ్రం చేద్దామనుకున్నాం. ఆ మూల ఒక సాలు మొత్తం ఆకులు ఎండిపోయి అసహ్యంగా ఉంటే పీకేశాం. ఊరికే పారెయ్యలేదు — పారతో సన్నగా నరికి పేడగుంటలో కలిపేశాను."

అత్త ఆ మూలకి నడిచింది.

ఖాళీ.

పేడగుంట దగ్గర వంగి ఒక కాయ తీసింది. చిదిమింది. గింజ ఇంకా ముదరలేదు. పచ్చిగా, తడిగా వేలికి అంటుకుంది.

ఇప్పుడు అత్త "ఫరవాలేదండీ" అంటుంది. కుర్చీ తెమ్మంటుంది. నీళ్లిస్తుంది. సాయంత్రం కాగితం చింపేస్తుంది... అంతా మర్యాదగా ముగిసిపోతుంది.

అత్త నడుం మీద చెయ్యి పెట్టుకుంది.

"తల ఎందుకు నెరిసిందయ్యా నీకు? ఎండకా?"

మాస్టారు చుట్టూ చూశారు, ఎవరినో అనుకుని.

"నిన్నే! ఆ అద్దాలు చూడ్డానికా, ముక్కుకి అలంకారమా? కాయలు కనిపించలేదూ? విత్తనానికి వదిలిన సాలు! మా అమ్మ చేతి విత్తనం! పచ్చగా ఉంటేనే బతికున్నట్టా? ఎండిందల్లా చచ్చినట్టేనా? అయితే నన్నూ పీకి ఆ గుంటలో వెయ్! నేనూ ఎండిపోయే ఉన్నాగా! పారతో సన్నగా నరుకు!"

ఆ గొంతు... నాన్న పోయాక ఇదే మొదటిసారి ఆ గొంతు వినడం. మోటారు షెడ్డు దాకా వెళ్లి వెనక్కి వచ్చింది.

టైలరమ్మనీ వదల్లేదు. "బట్ట కత్తిరించే ముందు కొలుస్తావా లేదా? మొక్క పీకే ముందు ఒక్క మాట అడగలేవూ?" అడ్డు రాబోయిన సంఘంలోని బస్సు డ్రైవర్ని బ్రేకు మీద కాలు లేదా అంది. అందరికీ పేరు పేరునా వడ్డించింది. ఊపిరి అందక ఆగింది. మళ్లీ అందుకుంది.

మాస్టారు తలవంచుకుని నిలబడ్డారు. ముప్పై అయిదేళ్లు పిల్లల్ని బెంచీ ఎక్కించిన మనిషి. టోపీ తీసుకుని గేటు వైపు నడిచారు. ఒకరి వెనక ఒకరు అందరూ నడిచారు.

బుట్టలు మిగిలిపోయాయి.

*

ఆ వారం చాలా పొడుగ్గా గడిచింది.

అన్న ఫోన్ చేశాడు. "తిట్టిందటగా. ఇంకెందుకు వస్తారు వాళ్లు?" అన్నాడు. అడిగినట్టు లేదు, జాలిపడినట్టు ఉంది.

నాకేమో ఇంకోటి గుర్తొస్తూ ఉండేది. నాకు ఏడేళ్లప్పుడు, అత్తకి సాయం చేద్దామని ఉల్లినారు మడి సగం గడ్డి అనుకుని పీకేశాను. ఆ రోజంతా తిట్టింది. పొద్దున మొదలుపెట్టి, తల దువ్వుతూ తిట్టింది, ముద్దలు కలిపి పెడుతూ తిట్టింది, పడుకోబెట్టి దుప్పటి కప్పుతూ కూడా. నాకు ఏడుపు రాలేదు. ఇన్ని తిట్లు తినాలంటే ఈ పొలంలో నాకు ఎంతో కొంత చోటుండి ఉండాలి కదా అనిపించింది. ఏడేళ్ల పిల్లకి ఆ మాటలు రాకపోవచ్చు... అనిపించింది మాత్రం అదే.

వాళ్లకి ఎవరు చెప్తారు ఈ సంగతి? టైలరమ్మ కొట్టు ముందు బండి ఆపాను. బుట్ట తీసుకుంది. తల ఎత్తలేదు. మిషను తొక్కుతూనే ఉంది.

శనివారం సాయంత్రం అత్త అటక మీది డబ్బా దించమంది. అడుగున గుప్పెడు పాత గింజలు. మూడేళ్ల కిందటివి.

"మొలుస్తాయా?"

"గింజనడుగు. నన్నేం అడుగుతావ్!"

తిట్టింది. నన్ను. ఎంత హాయిగా ఉందో.

*

ఆదివారం.

తొమ్మిదయింది. ఎవరూ రాలేదు. అత్త గేటు వైపు చూడకుండా సాలు తవ్వుకుంటోంది. చూడకుండా ఉండటానికి ఎంత కష్టపడుతోందో వీపు చూస్తే తెలుస్తోంది.

తొమ్మిదిన్నరకి గేటు కిర్రుమంది.

మాస్టారు. టోపీ లేదు. పాత లుంగీ పైకి కట్టి ఉంది. తిన్నగా వచ్చి గట్టు మీద చతికిలబడ్డారు. నేను కుర్చీ కోసం లేవబోయాను. అత్త కన్నెర్ర చేసింది. కూర్చున్నాను.

"ఏవి పీకకూడదో ముందు చెప్పు" అన్నారాయన. "పీకాల్సినవి తర్వాత."

అత్త పాత గింజలు ఆయన దోసిట్లో పోసింది.

ఒక్కొక్కరే వచ్చారు. టైలరమ్మ వచ్చింది. బస్సు డ్రైవర్ వచ్చాడు. అందరూ కాదు... నలభై ఒకటిలో పాతిక ఇళ్లుంటాయేమో. మిగతావాళ్ల సంగతి ఇప్పటికీ తెలీదు. కొత్త తొడుగులు ఎవరి చేతులకీ లేవు.

మాస్టారు గింజ వెనక గింజ పెట్టారు, వేలెడు వేలెడు ఎడం కొలుచుకుంటూ. అంత కొలిచినా సాలు వంకరే వచ్చింది. "లెక్కల మాస్టారివా, సున్నాలు చుట్టే మాస్టారివా?" అంది అత్త. ఆయన నవ్వాపుకోలేక దగ్గారు.

నీళ్లు పొయ్యాలి. కాలువ నీళ్లు వదిలితే గింజలు కొట్టుకుపోతాయి. చిల్లుల మూతి డబ్బాతో చిలకరించాలి. అత్త ఎవరికీ చెప్పలేదు. బావి దగ్గరికి వెళ్లి రెండు చేతులా రెండు డబ్బాలు నింపుకుని, మోకాలు లాగుతుంటే పళ్లు బిగించి, అడుగులో అడుగు వేసుకుంటూ వస్తోంది.

నేను చూసేలోపే టైలరమ్మ చూసింది.

"పెద్దమ్మా! నీకసలు బుద్ధుందా?"

అందరూ ఆగిపోయారు.

"మొన్ననేగా డాక్టరు దగ్గరికెళ్లొచ్చావు! మేమింతమందిమి దున్నపోతుల్లా ఇక్కడ లేమూ? నువ్వు మంచాన పడితే ఎవరు తిడతారు మమ్మల్ని? దించు! దించమంటున్నానా! పెద్ద వీరురాలివి బయల్దేరావు..."

తిట్టేసింది. తిట్టేశాక తనే బెదిరి నోటి మీద చెయ్యి పెట్టుకుంది.

అత్త నిలబడిపోయింది. డబ్బాల్లోంచి నీళ్లు కారుతున్నాయి, చీర కుచ్చిళ్ల మీద, పాదాల మీద. ఆమె మొహంలోకి చూడలేకపోయాను. నాన్న పోయాక అత్తని ఒక్క మాట అన్నవాళ్లు లేరు. అందరం గౌరవించాం. అందరం మెత్తగా మాట్లాడాం. ఆ మెత్తదనంలో ఎంత ఒంటరిగా ఉండిపోయిందో, నాకెప్పుడైనా తట్టిందా?

డబ్బాలు దించింది.

మాస్టారి పక్కన గట్టు మీద కూర్చుంది. పని ఉండగా అత్త కూర్చోవడం నేను చూడటం అదే మొదలు. కొంగుతో ముక్కు తుడుచుకుంది. టైలరమ్మ డబ్బాలందుకుని నీళ్లు చిలకరించడం మొదలుపెట్టింది. ఎక్కువ పోస్తోంది. అత్త చూస్తూనే ఉంది, ఏమీ అనలేదు.

కాసేపటికి రొండిలోంచి ఏదో తీసింది. నాలుగు మడతల కాగితం. దిండు కింద ఉండాల్సింది.

"పెన్నుందా ఎవరి దగ్గరైనా?"

ఎవరి దగ్గరా లేదు. పాత బట్టల్లో వచ్చారందరూ. టైలరమ్మ తన సంచి బోర్లించింది. టేపు, కత్తెర, గుండీలు... గుడ్డ మీద గీతలు గీసే సుద్దముక్క.

"ఇది పనికొస్తుందా?"

మాస్టారు పగలబడి నవ్వారు. అత్త కూడా నవ్వింది, కళ్లు తుడుచుకుంటూనే. నేను అప్పటికే లేచాను.

ఇల్లు పొలానికి అటు చివర. సొరుగులో పెన్ను ఉండాలి. పెన్నులో సిరా ఉండాలి. నేను తిరిగి వచ్చేదాకా అత్త అక్కడే, అలాగే, గట్టు మీదే కూర్చుని ఉండాలి... మనసు మారకుండా, ఎవరూ పొరపాటున కుర్చీ తెచ్చి వెయ్యకుండా.

పరుగెత్తాను. తడిమట్టిలో చెప్పులు దిగబడితే వదిలేశాను.

కొత్త సాలు దగ్గర మాత్రం ఆగి, చుట్టూ తిరిగి వెళ్లాను.