ఆరున్నొక్కటి

ఆ పొద్దున ఓడ నీళ్ళకి జానెడు పైన నిలబడి ఉంటుంది. మస్కట్ మత్రా రేవులో దాని గురించి ఎవరూ మాట్లాడరు. నిచ్చెన కూడా గట్టుకి జానెడు పైనే ఆగిపోవడంతో ప్రయాణికులు ఆఖరి మెట్టు మీంచి చిన్న గెంతు గెంతి దిగుతారు. దిగి, టోపీలు సర్దుకుని, ఎండ బాగుందంటారు.

మావుళ్ళమ్మ పదకొండో నంబరు బోర్డు పట్టుకుని వాళ్ళకోసం నిలబడి ఉంటుంది. ఆమెది నరసాపురం దగ్గర పల్లె. మస్కట్‌కి ఇంటిపనికని వచ్చి, పదకొండేళ్ళ కిందట ఈ కంపెనీలో చేరింది. ఓడల్లో వచ్చేవాళ్ళకి ఒక్క పూటలో ఊరు చూపించి పంపే కంపెనీ. కోటల సంగతీ రాజుల సంగతీ చెప్పేది సలీం, ఈ ఊరివాడే. ఆయనది నోరు, ఈమెది వేలు. పొద్దున ఎంతమందిని వ్యాను ఎక్కించిందో సాయంత్రం ఐదింటికి అంతమందినీ ఓడకి అప్పజెప్పడం ఆమె పని. ఒక్కనాడూ లెక్క తప్పలేదని కంపెనీలో ఆమెకి మంచిపేరు.

తెల్లబట్టల ఓడ అధికారి ఆమె దగ్గరికి వచ్చి, ఓడ తేలికైపోయిందని చెబుతాడు. ట్రిప్పుకి ఒక్కరి చొప్పున తగ్గుతూ వచ్చారట. బరువుంటేనే ఓడ నీళ్ళలో దిగుతుంది, దిగితేనే కదులుతుంది. ఇప్పుడు మర చక్రం గాల్లో తిరుగుతోంది.

"ప్రతిసారీ లెక్క సరిపోయిందండీ," అంటుంది మావుళ్ళమ్మ.

"లెక్క సరిపోయింది. మనుషులే సరిపోలేదు. ఐదింటికి అందర్నీ తీసుకురా," అంటాడాయన, చాలా మర్యాదగా.

మావుళ్ళమ్మ లెక్కపెట్టే తీరు ఇక్కడ చెప్పుకోవాలి. ఆమె నాన్న కళ్ళాల్లో ధాన్యం కొలిచేవాడు. మొదటి కుంచాన్ని ఒకటి అనకూడదు, లాభం అనాలి. లాభం, రెండు, మూడు అనుకుంటూ ఆరు దాకా వచ్చాక, ఆ తర్వాతి అంకెని దాని పేరుతో అస్సలు పిలవకూడదు, ఆరున్నొక్కటి అనాలి. ఆ అంకె పేరూ, కన్నీళ్ళు పెట్టుకోమని చెప్పే మాటా ఒకటే అయి కూర్చున్నాయి, మన భాష చేసుకున్న పాపం. గింజ వింటుందే అమ్మా, అనేవాడు నాన్న. విన్నదంటే అన్నంత పనీ చేస్తుంది, తెల్లారేసరికి రాశంతా తడిసి ఊరుకుంటుంది. కాబట్టి ఈ కథ చెప్పే నేను కూడా ఆ అంకెని పేరుపెట్టి పిలవను. చదివేవాళ్ళు లోపల అనుకుంటే అనుకోండి, పైకి మాత్రం అనకండి.

వ్యానులో పద్నాలుగు సీట్లు. మావుళ్ళమ్మ వేలు చూపిస్తూ "లాభం" అనగానే ముందు సీటు పూలటోపీ ముసలావిడ చేతులు జోడించి "లాభం, లాభం" అంటుంది. ఈ దేశంలో నమస్కారం అదే అనుకుంటారు అందరూ. సరిదిద్దీ సరిదిద్దీ సలీం విసుగెత్తి మానేశాడు, ఇప్పుడాయన కూడా అలాగే పలకరిస్తాడు.

ఆరు తర్వాతి సీటులో నీలం చొక్కా ఆయన కూర్చుని ఉంటాడు. మావుళ్ళమ్మ "ఆరున్నొక్కటి" అనగానే ఆయన కొంచెం పలచబడతాడు. చొక్కాలోంచి సీటు గీతలు కనిపిస్తాయి. ఇన్నేళ్ళూ ఆమె దాన్ని ఎండ కొట్టడం అనుకుంది.

మొదట కోట. కోట కొండమీద ఉంటుంది గాని, మోకాళ్ళ నొప్పులవాళ్ళు ఎక్కువగా వచ్చిన రోజున అదే కిందికి దిగి వస్తుంది. అందరూ గోడలు తడిమి ఫోటోలు తీసుకుంటారు. తిరిగి ఎక్కేటప్పుడు కోట మధ్యలో రెండుసార్లు ఆగి ఆయాసం తీర్చుకుంటుంది, దానికీ వయసైపోయింది. వ్యాను దగ్గర మళ్ళీ లెక్క. నీలం చొక్కా ఆయనలో ఇప్పుడు చొక్కా మాత్రం మిగిలి ఉంటుంది.

తర్వాత సాంబ్రాణి అంగళ్ళు. ఒక కొట్టు ముందు పొగ లేచి, తలంటు పోసుకున్న పిల్ల తలంత అయి, అక్కడే నిలబడుతుంది. మావుళ్ళమ్మ చేయి దానంతటదే వెళ్ళి ఆ పొగని పాయలు తీయబోతుంది. కొట్టువాడు అది అమ్మేది కాదని, ఎవరో వదిలేసి వెళ్ళిందని చెబుతాడు. ఆమె చేయి వెనక్కి తీసుకుని లెక్క మొదలుపెడుతుంది. నీలం చొక్కా కూడా లేదిప్పుడు. ఖాళీ సీటు మీదికి వేలు వెళ్ళి, అలవాటుగా ఆరున్నొక్కటి అని, ఎనిమిదికి పోతుంది. పద్నాలుగూ సరిపోతాయి.

ఈసారి ఆమె చూస్తుంది. అంటే ఇన్నేళ్ళుగా ఇంతే. తప్పు తన నోటిదే.

తర్వాతి స్టాపు, కాగితం మీద, సంప్రదాయ గృహ సందర్శనం, అరగంట. మామూలుగా అది ఎవరో పాత వర్తకుడి ఇల్లు. ఈ రోజు సలీం తలుపు తీస్తే లోపల వంటిల్లు ఉంటుంది. ఈ ఊళ్ళో మావుళ్ళమ్మ మొదట పనిచేసిన ఇంటి వంటిల్లు, ఉన్నదున్నట్టు. తొట్టిలో సగం తోమిన పళ్ళెం, గోడకి ఫోను, చుట్టూ ఎర్ర తాడు. పళ్ళెం మీద సబ్బు నురగ ఇంకా ఆరలేదు.

సలీం కోట గురించి చెప్పిన గొంతుతోనే చెబుతాడు. "ఈ వంటింట్లో ఒక తల్లికి, కూతురు పోయిందని ఫోనొచ్చింది. ఆ తల్లి ఫోను పెట్టేసి మళ్ళీ పళ్ళెం అందుకుంది. కంటతడి పెట్టలేదు. దయచేసి ఫ్లాష్ వాడకండి."

పూలటోపీ ముసలావిడ చేయెత్తుతుంది. "పెట్టుకోని కన్నీళ్ళు ఎక్కడికి పోతాయి?"

"మంచి ప్రశ్న. అది తర్వాతి స్టాపులో," అంటాడు సలీం.

మావుళ్ళమ్మకి ఒళ్ళు మండుతుంది. తన వంటిల్లు తనకి చెప్పకుండా టూరులో ఎవరు పెట్టారు? తాడు దాటి లోపలికి వెళుతుంది. ఫోను తీసి చెవిదగ్గర పెట్టుకుంటే నాన్న గొంతు అందులో ఇంకా ఉంటుంది. వేణి లేదమ్మా, అంటాడు. మూడు రోజుల జ్వరం. నీకోసం ఆపలేకపోయామమ్మా. తర్వాత ఒక్క మాట అంటాడు. కళ్ళంలో జన్మలో నోట రానివ్వని ఆ అంకె పేరే, కడుపులో పెట్టుకోకు, బరువు దిగుతుంది అని, కూతురితో అంటాడు. దానికి ఆ రోజు ఆమె ఏం జవాబిచ్చిందో కూడా ఫోను వినిపిస్తుంది.

"అలా అనకూడదు నాన్నా. ఆరున్నొక్కటి అనాలి."

అవతల నాన్న ఫోను పెట్టేస్తాడు.

సత్యవేణికి అప్పటికి ఆరు నిండాయి, ఆ పై అంకె నడుస్తోంది. పనిచేసే ఇంటివాళ్ళు మంచివాళ్ళే, వెళ్ళి రమ్మన్నారు. మావుళ్ళమ్మే వెళ్ళలేదు. వెళితే నిజమైపోతుందని భయం. వెళ్ళనన్నాళ్ళూ పిల్ల అక్కడే, వాకిట్లో, జడకుచ్చులు ఊపుకుంటూ తిరుగుతున్నట్టే ఉంటుంది కదా. ఎవరికీ చెప్పని ఈ సంగతి సలీం తాడు అవతల నిలబడి అందరికీ చెబుతూ ఉంటాడు, ఎవరూ ఫ్లాష్ వాడరు.

ఆఖరి స్టాపు సముద్రం గట్టు. గట్టు పొడుగునా మనుషులు కూర్చుని ఉంటారు, మూడు వందలమంది ఉంటారేమో, అందరి గుండెల మీదా వెలిసిపోయిన పదకొండో నంబరు స్టిక్కరు. ఖర్జూరాలు తింటూ గింజలు నీళ్ళలో వేస్తున్నారు. ఈ చివర నీలం చొక్కా ఆయన చొక్కాతో సహా కూర్చుని బూటు తాడు కట్టుకుంటున్నాడు. ఎవరికీ కోపం లేదు. టూరు బాగుంది, ఈ స్టాపే కాస్త ఎక్కువసేపు ఉంది, అంటాడు ఒకాయన.

"నువ్వు పేరుపెట్టి పిలిచినవాళ్ళు ఓడెక్కారు. పిలవనివాళ్ళు ఇక్కడ ఉండిపోయారు, ఆయ్," అంటాడు సలీం. ఆ ఆయ్ ఆమె దగ్గర నేర్చుకున్నదే.

వరస ఆ చివర ఒక పిల్ల కూర్చుని ఉంటుంది. పిల్లకి స్టిక్కరు లేదు. ఒళ్ళో తాత ఇనప కుంచం. కాళ్ళు ఊపుతోంది. అందరికంటే ముందు లెక్కలోంచి జారిపోయింది తనే.

మావుళ్ళమ్మ అటు చూసి, చూడనట్టు, ఈ చివరే మొదలుపెడుతుంది. ఎంత ఆలస్యమైతే అంత మంచిదని. నీలం చొక్కా ఆయన ఎదుట వేలు చూపిస్తుంది. నాలుక ఆరున్న దాకా వచ్చేస్తుంది, ఆయన తల దించుకుంటాడు. ఆమె ఆ మాట మింగేస్తుంది. అంత చిన్న మాటకి నోరు అంత పెద్దగా తెరవాల్సి వస్తుంది.

"ఏడు."

నీలం చొక్కా ఆయన లేచి, థాంక్స్ చెప్పి, ఓడవైపు నడుస్తాడు. మావుళ్ళమ్మకి కంట్లో నలుసు పడ్డట్టు ఉంటుంది. వేలితో తీసి చూస్తే వడ్లగింజ.

"ఏడు," అంటుంది పక్కావిడతో. రెండో కంట్లోంచి ఇంకో గింజ. ఏడు. ఏడు. వరసలో అందరిదీ అదే అంకె కాబట్టి లెక్కలో ముందుకి పోవడమంటూ ఉండదు. అంకె అనుకున్నవాళ్ళు లేచి వెళుతున్నారు. మాట అనుకున్న కళ్ళు చెప్పినట్టు చేస్తున్నాయి. గింజలు బుగ్గలు గీసుకుంటూ దిగి, కాళ్ళ దగ్గర రాశి పడతాయి, పాదాలు మునుగుతాయి, మోకాళ్ళ దాకా వస్తాయి. ఒక్కొక్కరు ఎక్కేకొద్దీ ఓడ కొంచెం కొంచెం కిందికి దిగుతూ ఉంటుంది.

ఐదింటికి పది నిమిషాలుందనగా ఒక్కతే మిగులుతుంది. ఓడ ఇంకా నీళ్ళకి వేలెడు పైన ఉంటుంది. ఆ వేలెడూ ఎవరిదో తెల్లబట్టల అధికారికీ తెలుసు, ఆయన టోపీ తీసి చేత్తో పట్టుకుని నిలబడతాడు.

మావుళ్ళమ్మ వెళ్ళి పిల్ల పక్కన కూర్చుంటుంది. జుట్టు సాంబ్రాణి వాసన వేస్తూ ఉంటుంది.

"అందర్నీ లెక్కెట్టావు. నన్నెట్టవేంటే అమ్మా?" అంటుంది వేణి.

"ఎడితే ఎల్లిపోతావు కదే."

"ఎట్టకపోతే మాత్రం ఇంటికొచ్చానేటి? ఇక్కడే కూకున్నాను. కాళ్ళు నొప్పెడతన్నాయే."

మావుళ్ళమ్మ పిల్ల కాళ్ళు ఒళ్ళోకి తీసుకుంటుంది. పదకొండేళ్ళు కూర్చున్న కాళ్ళు. మడమ దగ్గర్నించి వేళ్ళదాకా, ఒక్కో వేలూ విడివిడిగా, ఉన్న పది నిమిషాలూ పిసుకుతుంది. ఓడ కూత వేస్తుంది. కాళ్ళు కింద పెట్టి, జడ ముందుకి వేసి, పిల్ల గుండె మీద వేలు పెడుతుంది.

"ఏడు," అంటుంది.

"ఊఁ," అని వేణి కుంచం పట్టుకుని దిగి, పరిగెత్తి వెళ్ళిపోతుంది. ఓడ వచ్చి నీళ్ళలో కూర్చుంటుంది.

పుట్టెడు దుఃఖం అని ఊరికే అంటాం, ఎవరూ కొలిచిన పాపాన పోలేదు. డెక్కు మీద నిలబడి వేణి కొలుస్తుంది. మావుళ్ళమ్మ కళ్ళలోంచి పోసే గింజలు గట్టు దాటి, నీళ్ళ మీదుగా ఓడ దాకా ఒకే ధారగా సాగుతాయి. ఓడ దూరం జరిగేకొద్దీ ధారా పొడుగవుతుంది. నాన్న చెప్పింది నిజమే, గింజ వింటుంది. ఇన్నిసార్లు విన్న గింజలన్నీ తడిసి ముద్దయి, సముద్రం మీదే మొలకలెత్తుతాయి.

"లాభం," అని కేక వినిపిస్తుంది డెక్కు మీంచి. ముందు సీటు ముసలావిడ పక్కనే నిలబడి చేతులు జోడిస్తుంది. "రెండు. మూడు." ఆరు దగ్గర పిల్ల ఆగిపోతుంది, తాత నేర్పిన నోరు. ఓడా ఆగిపోతుంది, మరలు ఆగిపోతాయి, మూడు వందలమందీ గట్టువైపు తిరిగి చూస్తారు.

గట్టు మీంచి మావుళ్ళమ్మ ఆ మాట అందిస్తుంది. ఓడ కదులుతుంది. ఎనిమిది, తొమ్మిది, పది. మళ్ళీ లాభం దగ్గర్నించి. మళ్ళీ ఆరు దగ్గర ఓడ ఆగుతుంది. ఓడ కనుచూపు దాటిపోతుంది, పచ్చటి నారు గీత ఒక్కటీ ఆమె కళ్ళ దగ్గర్నించి ఆకాశం అంచు దాకా ఊగుతూ ఉంటుంది. అది కదలకుండా నిలిచిపోయినప్పుడల్లా, మోకాలిలోతు నారులో నిలబడి, ఆమె గొంతెత్తి అంటూనే ఉంటుంది, ఏడు.