కంచె లోపలి ఉప్పు

కంచె తీగను కత్తిరించింది కాంట్రాక్టర్ సుందర్ రాజే. కాపరి సైలస్ కళ్లారా చూశాడు. సుందర్ రాజ్ కత్తెర ట్రక్‌లో పడేసి, ఒక కాగితం తీసి ఇంకో కాపరి నరసింహం ముందు పెట్టాడు. మందే కంచె తెంచుకుందని, తప్పు కాపరిదేనని అందులో రాసుంది.

"సైన్ చెయ్యి. రేపు గవర్నమెంట్ ఆఫీసరొస్తే చూపించాలి."

"గొర్రె దగ్గర కత్తెరుంటదా సార్?" అన్నాడు నరసింహం.

"నీళ్ల ట్యాంకర్ ఆపేస్తా. పాస్‌పోర్ట్‌లు నా దగ్గరున్నాయి. రోడ్డుకి నలభై మైళ్లు. నడిచిపోతావా?"

కంచె అవతల నెవాడా నేలలో తరతరాలుగా వేళ్లూనిన గుబురు గడ్డి. గింజ రాలకముందే మేస్తే కుదురు చస్తుందని సర్కారు ఈ ఏడు అక్కడ మేత ఆపింది. తోలే పని లేకుండా సుందర్ రాజ్ కంచె లోపల గొర్రెలు నాకే ఉప్పు దిమ్మలు పెట్టించాడు. ఉప్పు వాసనకు గొర్రెలు అవే లోపలికి పోయాయి.

నిరుడు పక్క బీడు ఇలాగే పోయింది. అప్పటి కాగితం మీద సంతకం సైలస్‌ది. సుందర్ రాజ్ 'బ్రదర్' అని పిలిచి, చేతులు పట్టుకుని ప్రార్థన చేసి మరీ పెట్టించుకున్నాడు. ఇప్పుడక్కడ గొర్రె నోట్లో గుచ్చుకునే చీట్‌గ్రాస్ అనే కలుపు గడ్డి తప్ప ఏమీ లేదు.

మకాం బండి నీడలో ఆరుగురు కాపరులు కూడారు.

"సైన్ చేసి పడేద్దాం మామా," అన్నాడు జూడ్ సైలస్‌తో. "నీళ్లు లేకుండా చస్తామా?"

వంట చేసే లీలావతి గరిటె దించింది. "నిరుడు మీ మామ చేశాడుగా. బతికాడా? అప్పట్నించి నోరు తెరిచాడా?"

సైలస్ లేచి తెగిన తీగ దాటి లోపలికి పోయాడు. ఒక దిమ్మను భుజానికెత్తుకుని వెనక్కి నడిచాడు. ముందు గొర్రె మెడ తిప్పింది. దాని వెనక ఇంకో పది.

"థూ, నా బతుకు!" అంటూ జూడ్ రెండో దిమ్మ ఎత్తాడు. తర్వాత నరసింహం. తర్వాత అందరూ.

"బ్రదర్! నీ వీసా నా చేతిలో ఉంది!" అని అరిచాడు సుందర్ రాజ్.

"ఉంచుకో," అన్నాడు సైలస్. ఏడాదిలో అతని మొదటి మాట.

మంద మొత్తం బయటికొచ్చింది. తెగినచోట ఆరుగురూ అడ్డంగా కూర్చున్నారు. నరసింహం కాగితం చించబోతే లీలావతి లాక్కుని కొంగున కట్టుకుంది.

"చించకు. రేపొచ్చే ఆఫీసర్‌కి ఇదీ, కత్తెరతో తెగిన తీగ మొనలూ పక్కపక్కన చూపిద్దాం."

వస్తున్న నీళ్ల ట్యాంకర్‌ని సుందర్ రాజ్ వెనక్కి మళ్లించాడు. పీపాలో రెండు రోజుల నీళ్లున్నాయి. జూడ్ వేళ్లు నోట్లో పెట్టి ఈల వేశాడు. గుట్ట అవతలి కాపరుల మకాం నుంచి ఒక ఈల బదులొచ్చింది. తర్వాత ఇంకొకటి.