పేడగుంటకు యజమాని

"చేతులు కడుక్కుని రా. కాగితం మాస్తుంది," అన్నాడు భర్త. పెరట్లో ఆమె గీకుతున్నది అతని బూట్లకు పట్టిన పేడే. ఆమె చేతికంటితే మురికి. కాలవలో కలిపితే మాత్రం అతని కంటికి ఆనదు.

వెయ్యి ఆవుల డెయిరీ అది. ఆడవాళ్ల పేరైతే రాయితీ దొరుకుతుందని పెళ్లయిన కొత్తలో ఆమె పేరున పెట్టారు. పేరు గొప్ప ఊరు దిబ్బ అంటారే, ఆమెకు దక్కింది పేడదిబ్బే. షెడ్లు పెంచినప్పుడు ఒక్క మాట అడిగినవాళ్లు లేరు. "మహారాణివి, నీకేం తక్కువే" అంటూనే అత్తగారు పనివాళ్ల అన్నం గిన్నెలన్నీ ఆమె ముందుకు తోసేది. ఎవరైనా వచ్చి యజమాని ఎవరంటే ఆమె కూడా "లోపలున్నారండీ" అనేది. యజమాని అంటే మొగుడనే కదా నేర్పారు! వాన మొదలైతే చాలు, అతను వెళ్లి పేడగుంట తూము ఎత్తి పేడనీళ్లు కాలవలోకి వదిలేవాడు. శుద్ధి చేసే ఖర్చు తప్పేది. దిగువ వీధి ఆడవాళ్లు బిందెలు మోసుకుంటూ ఎగువకు నడిచేవాళ్లు. వాళ్ల మొహం చూడలేక ఆమె ఒకసారి నోరు విప్పింది. "నువ్వు వంటింటి తూము చూసుకో, చాలు," అన్నాడు.

ఇప్పుడు కాలుష్యం ఆఫీసు అధికారి వరండాలో కూర్చున్నాడు. గొట్టం పగిలి పొరపాటున కలిసిందంటే హెచ్చరికతో పోతుంది. తెలిసే వదిలారంటే డెయిరీ మూత, యజమాని మీద కేసు. నోటీసు నిండా ఆమె పేరే, ఇంటిపేరుతో సహా. లాభానికి మొగుడు, కేసుకి తను. ఒళ్లు మండిపోయింది ఆమెకు.

"గొట్టం పగిలిందని రాశాను. చదవక్కర్లేదు, సంతకం పెట్టెయ్," అంటూ భర్త గొంతు తగ్గించి కాగితం, కలం ఆమె చేతికిచ్చాడు.

"ఆడదానివి, నిన్నెవరేం చేస్తారే? వాడి పరువు నిలబెట్టు," అంది గుమ్మంలోంచి అత్తగారు.

అధికారి అలవాటుగా భర్తవైపే చూస్తూ, "యజమాని ఏమంటారండీ?" అన్నాడు.

ఆమె కలం బల్లమీద పెట్టేసింది.

"యజమానిని నేనండీ. గొట్టం పగల్లేదు. వాన పడ్డప్పుడల్లా తూము ఎత్తేస్తున్నారు. నాకు తెలుసు, అయినా ఊరుకున్నాను. కేసు రాసుకోండి. డెయిరీ మాత్రం ఇవ్వాళే మూయించండి."

భర్త కుర్చీని తన్నేసి లేచాడు. "మూయించడానికి ఇదెవర్తండీ? పేరు దానిదైతే మాత్రం? డెయిరీ నాది! తూము ఎత్తాలో దించాలో చెప్పేది నేను!"

అధికారి కలం ఆగిపోయింది.

"ఆగారేం?" అందామె. "అదీ రాసుకోండి."