సుద్దముక్కల ఓటు

సోషల్ మాస్టారిని పిల్లలు చాటుగా పీఠిక మాస్టారు అనేవారు. కిటికీ మూయమని చెప్పాలన్నా గాలి ఎందుకు వీస్తుందో మొదలుపెట్టి, అది అయ్యాక గానీ కిటికీ దగ్గరికి వచ్చేవారు కాదు. ఆ పేరు ఆయనకూ తెలుసు. తెలియనట్టు ఉండడం పంతుళ్ళ పనిలో సగం.

ఆ ఏడు సెలవుల్లో పౌరశాస్త్రం చెప్పే టీచర్లకు శిక్షణ పెట్టారు. మాస్టారు తప్పనిసరై వెళ్ళారు. వచ్చినవాళ్ళంతా వెనక బెంచీలే వెతుక్కున్నారు. శిక్షణ ఇచ్చే అమ్మాయి ఆయన కూతురి కంటే చిన్నది. పుస్తకం తెరవనివ్వలేదు. టీ ఎప్పుడు తాగాలి, ఫ్యాన్లు వేసుకోవాలా కిటికీలు తీసుకోవాలా, అన్నీ మీరే తేల్చుకుని ఓటు వేసుకోండి అంది. మాస్టారిది కిటికీల పక్షం. ఓడిపోయారు. సాయంత్రం దాకా ఫ్యాను కింద తుమ్ముతూ కూర్చుని, ఇన్నేళ్ళు పిల్లల చేత ఓటుహక్కు బట్టీ పట్టించాను గానీ ఒక్కసారీ వాళ్ళ చేత వేయించలేదే అనుకున్నారు.

చివర్లో ఆ అమ్మాయి ఒక సంగతి చెప్పింది. ఇకమీదట ఏడాదికోసారి పురపాలక సంఘం బడిపిల్లల కోసం ఒక సమావేశం పెడుతుంది. ఒక్కో బడి ఒక్క విషయమే అడగాలి. పిల్లలే అడగాలి. సభ్యులు అక్కడికక్కడే జవాబు చెప్పాలి. వెంట వచ్చిన పెద్దలు నోరు విప్పకూడదు. మాస్టారు తన బడి పేరు ఇచ్చేశారు. ఎందుకిచ్చారో ఆయనకే తెలియదు. జలుబు మహిమ అని ఇంటికొచ్చాక భార్యతో అన్నారు.

బడి తెరిచాక హెడ్‌మిస్ట్రెస్‌కి ఆ మాట చెప్పారు. ఆవిణ్ణి బడంతా పెద్ద మేడం అంటారు. ఆవిడ సంతోషించారు. ఆవరణలోకి చెట్లు అడగమన్నారు. చెట్లంటే ఎవరికీ కోపం రాదు, ఫోటో కూడా పచ్చగా వస్తుంది అన్నారు. మాస్టారు సరేనన్నారు. ఆ గదిలోంచి నేరుగా తొమ్మిదో తరగతికి వెళ్ళి, ఏమడగాలో మీరే తేల్చండి, ఓటు మీది అన్నారు. అక్కడొక మాట, ఇక్కడొక మాట. పిల్లలు కూడా చెట్లే అంటారులే అని ఆయన ధీమా.

మగపిల్లలు గోల్ పోస్టులు అన్నారు. రోడ్డు దాటే చోట తెల్ల గీతలు అంది ఒక పిల్ల. చెట్లు అని ఎవరూ అనకపోతే మాస్టారే బోర్డు మీద రాశారు. అప్పుడు దర్జీ గారి అమ్మాయి లేచింది. ఎప్పుడూ నోట్లో గుండుసూదులు పట్టుకున్నట్టు మాట్లాడని పిల్ల.

"ఆడపిల్లల బాత్రూం తలుపులకి గొళ్ళేల్లేవు మాస్టారూ."

వెనక బెంచీలో ఒకడు కిసుక్కుమన్నాడు. వాడి పేరు బుడగ. నవ్వు లోపల ఉంచుకోలేడని తోటివాళ్ళు పెట్టిన పేరు. మాస్టారు గొంతు సవరించుకుని, అది బడి లోపలి సంగతి, కౌన్సిల్ దాకా ఎందుకని సర్దబోయారు. బడి పురపాలక సంఘానిదేనని మీరే చెప్పారు కదా అంది ఆ పిల్ల. చెప్పారు. పరీక్షలో కూడా ఇచ్చారు.

ఆ పిల్ల కూర్చోలేదు. "ఒకరు లోపలికెళ్తే ఒకరు బయట తలుపు పట్టుకోవాలండి. అందుకే ఇద్దరిద్దరం అడుగుతాం. జంటకవులు బయల్దేరారు అంటారు మీరు."

ఆ మాట మాస్టారు చాలాసార్లు అన్నారు. అన్నప్పుడల్లా తరగతి నవ్వేది. ఆడపిల్లలూ నవ్వేవారు. ఆ రోజు ఎవరూ నవ్వలేదు, బుడగ కూడా. బాత్రూంకి వెళ్ళే పని పడకూడదని కొందరు పొద్దున్నుంచి నీళ్ళు ముట్టరని ఆ పిల్ల చెప్పి కూర్చుంది. మాస్టారు బోర్డు వైపు తిరిగి, మిగతా వాటి కింద తలుపులు అని రాశారు. సుద్ద విరిగింది.

పాత బిస్కెట్ డబ్బాలు తెచ్చి బోర్డు చాటున బల్ల మీద పెట్టారు. తలకో సుద్దముక్క. ఒక్కొక్కరూ వెళ్ళి నచ్చిన డబ్బాలో వేసి రావాలి. చప్పుడును బట్టి ఎందులో వేశారో తెలిసిపోతుంది, అడుగున గుడ్డ పరవండి అంది ఒక పిల్ల. పరిచారు. అంతా అయ్యాక డబ్బాలు బయటికి తెస్తే లెక్కపెట్టే పనే పడలేదు. తలుపుల డబ్బాకు మూత పట్టడం లేదు. మగపిల్లలు కూడా వేస్తే గానీ అంత నిండదు. గోల్ పోస్టులకు, గీతలకు కాసినేసి పడ్డాయి. చెట్ల డబ్బాలో ఒకే ఒక్కటి ఉంది. అది ఎవరిదో మాస్టారికి తెలుసు. ఆయనే వేశారు.

పెద్ద మేడం వింటూనే కుదరదన్నారు. ఊరి పెద్దలందరి ముందు మన బాత్రూం తలుపుల కథ విప్పుతామా అన్నారు. ఇంటిగుట్టు లంకకు చేటు అన్నారు. ఇది విన్న తల్లిదండ్రులు ఆడపిల్లల్ని వేరే బడికి మారిస్తే ఎవరిది పూచీ అని అడిగారు. ముందు చెట్లకు సరేనన్నారు కదా, ఆ మాట మీదే ఉండమన్నారు. మాస్టారు అలాగేనండీ అని బయటికొచ్చారు. ఆయన ఆ గదిలో అలాగేనండీ తప్ప ఇంకో మాట అనడం ఎవరూ వినలేదు.

ఇంట్లో ఆయన భార్య ఆసుపత్రి నుంచి అప్పుడే వచ్చింది. ఆవిడ నర్సు. మాస్టారు పాము చావకుండా కర్ర విరగకుండా ఒక ఉపాయం ఆలోచించి ఆవిడకు చెప్పారు. డబ్బాలు సరిగ్గా చూడలేదని పిల్లలకు చెప్పి, మళ్ళీ ఓటు పెడతారట. ఈసారి చెట్ల గొప్పతనం ముందుగా ఒక గంట చెబుతారట.

"మళ్ళీ తలుపులే గెలిస్తే?" అంది ఆవిడ.

మాస్టారు పళ్ళెంలోకి ఇంకాస్త పప్పు వేసుకున్నారు.

"చెట్లు గెలిచేదాకా వేయిస్తూనే ఉండండి. ఓటంటే ఏమిటో బాగా వంటబడుతుంది పిల్లలకి."

ఆ తరువాత ఆవిడ నీళ్ళు తాగని ఆడపిల్లలు ఆసుపత్రికి ఏయే జబ్బులతో వస్తారో చెప్పింది. పెద్ద గొంతుతో చెప్పలేదు. మామూలుగా, ఇంటి సంగతులు చెప్పినట్టే చెప్పింది.

మర్నాడు తరగతిలో ప్రజాస్వామ్యం ఎన్ని రకాలో మొదలుపెట్టారు. దర్జీ గారి అమ్మాయి కాసేపు విని, "పెద్ద మేడం గారు వద్దన్నారా అండి?" అంది.

అవునన్నారు మాస్టారు. చెట్లు అడుగుతామని ఆవిడకు ముందే మాట ఇచ్చిన సంగతి కూడా చెప్పేశారు. తరగతి చప్పబడిపోయింది.

"అంత మాత్రానికి మా చేత ఓటెందుకు వేయించారండీ?" అన్నాడు బుడగ. వాడు నవ్వుతూ అని ఉంటే మాస్టారు కసిరి ఊరుకునేవారు. వాడు నవ్వడం లేదు. రేపటినుంచి తాను పుస్తకంలో ఏ మాట చదివినా ఈ పిల్లలు ఇలాగే చూస్తారని ఆయనకు అర్థమైంది. వాళ్ళ నమ్మకం పోతే ఇక చెప్పడానికి ఏమీ మిగలదు.

దర్జీ గారి అమ్మాయి, కౌన్సిల్ వాళ్ళు మనకు జవాబు చెప్పాలన్నప్పుడు పెద్ద మేడం గారు కూడా చెప్పొచ్చు కదా, ఇక్కడికి పిలవండి అంది. మాస్టారు చాలాసేపు సుద్దపొడి చేతులు దులుపుకున్నారు.

ఒకసారి కాదన్నాక అదే పని మీద రెండోసారి పెద్ద మేడం గది గుమ్మం తొక్కిన మనిషి కాదు ఆయన. ఆ రోజు తొక్కారు. "పిల్లలు మిమ్మల్ని ఒక మాట అడుగుతారట, రండి మేడం. మీతో చెట్లకి సరేనన్నది నేనే, వాళ్ళకి ఓటిచ్చిందీ నేనే. నన్నేమన్నా అనండి. వాళ్ళ ఓటు మాత్రం పోనివ్వకండి," అన్నారు. పీఠిక లేదు. పెద్ద మేడం కళ్ళజోడు తీసి ఆయన్ని కొత్త మనిషిని చూసినట్టు చూశారు. తరువాత లేచి వచ్చారు.

వచ్చి ముందు బెంచీ చివర పిల్లల పక్కనే కూర్చున్నారు. ఎందుకు వద్దన్నారో చెప్పమని అడిగితే మాస్టారితో అన్నవే మళ్ళీ అన్నారు. బడి పరువు, తల్లిదండ్రులు, వేరే బడి.

"మా అమ్మకి తెలుసండి," అంది దర్జీ గారి అమ్మాయి. "అందరి అమ్మలకీ తెలుసు. తెలీనిది కౌన్సిల్‌కే."

తాను అడగకపోలేదని పెద్ద మేడం చెప్పారు. అర్జీ మీద అర్జీ పెట్టారట. ఒకసారి గొళ్ళేలు బిగించి వెళ్ళారట. తడికి తలుపులు, చట్రాలు పుచ్చిపోయి మేకు నిలవలేదట. వారం తిరక్కుండా గొళ్ళేలు ఊడి చేతికొచ్చాయట. అడిగి అడిగి నోరు నొప్పెట్టి మానేశానని చెప్పారు. ఆ మాట చెబుతుంటే ఆవిడ మొహం చిన్నబోయింది. ఇన్నాళ్ళూ ఆవిడకు కోపమే అనుకున్నారు మాస్టారు. లోపల ఉన్నది సిగ్గు.

"అడిగేది మీరే కాబట్టి ఒకటి చెబుతాను, వినండి," అన్నారు ఆవిడ లేస్తూ. "గొళ్ళెం అనకండి. గొళ్ళెం ఇచ్చి చేతులు దులుపుకుంటారు. తలుపు అనండి. చట్రంతో సహా అనండి."

ఎవరు మాట్లాడాలో కూడా సుద్దముక్కలే తేల్చాయి. దర్జీ గారి అమ్మాయి ఒకరు. సిగ్గనేది ఎరగడు కాబట్టి బుడగ రెండో వాడు.

కౌన్సిల్ హాల్లో కుర్చీలు పెద్దవాళ్ళ కొలతకు చేసినవి. కూర్చుంటే పిల్లల కాళ్ళు నేలకు ఆనలేదు. వేరే బళ్ళు చెట్లు అడిగాయి, దీపాలు అడిగాయి. చప్పట్లు కొట్టించుకున్నాయి. దర్జీ గారి అమ్మాయి వంతు వచ్చింది. బాత్రూం అన్న మాటకు సభ్యుల్లో ఒకాయన నవ్వాడు. ఆ పిల్ల మాట ఆపి, ఆయన నవ్వు అయ్యేదాకా నిలబడింది. అది మాస్టారు తరగతిలో చేసే పనే. ఆ తరువాత మొదటినుంచి మళ్ళీ చెప్పింది, నీళ్ళు తాగని సంగతితో సహా. ఈసారి ఎవరూ నవ్వలేదు.

చైర్మన్ పక్కనున్న పురపాలక ఇంజనీరు వైపు చూశారు. హెడ్‌మిస్ట్రెస్ గారు ఆఫీసుకి రాసి ఉండాల్సింది అన్నాడు ఇంజనీరు. పిల్లల వెంట వచ్చిన పెద్ద మేడం వెనక వరసలో లేచి నిలబడ్డారు. ఈ సభలో పెద్దలు మాట్లాడకూడదని చైర్మన్ మర్యాదగానే చెప్పారు. ఆవిడ కూర్చోక తప్పలేదు. మాస్టారు తన కుర్చీ చేతులు గట్టిగా పట్టుకున్నారు. ఇక అయిపోయింది, తప్పు బడి మీదే పడిందనుకున్నారు.

అప్పుడు బుడగ మైకు దగ్గరికి వెళ్ళాడు. "రాశారండి. చాలాసార్లు రాశారంట. రాస్తే ఎన్నాళ్ళకి జవాబిస్తారండి మీరు?"

ఇంజనీరు ముందున్న కాగితాలు అటూ ఇటూ తిప్పాడు. చైర్మన్, సోమవారం వడ్రంగి వస్తాడు అని చెప్పి, ఆ మాట అక్కడే రాయించారు.

"తలుపులు, చట్రాలతో సహానా అండి?" అంది దర్జీ గారి అమ్మాయి.

సహా అన్నారు చైర్మన్.

సోమవారం వడ్రంగి రాలేదు. మంగళవారం మాస్టారు తానే ఆఫీసుకు వెళదామని చెప్పులు తొడుక్కుంటుంటే, తరగతి అప్పటికే డబ్బాలు దించి, వెళ్ళేవాళ్ళెవరో ఎంచుకునే పనిలో ఉంది. వాళ్ళ వెనక ఆయన నడిచారు. ఆఫీసు మెట్ల మీద బడిపిల్లల్ని చూడగానే ఇంజనీరు ఫోను అందుకున్నాడు. ఎండ చల్లబడే వేళకు వడ్రంగి బడికొచ్చాడు, నిదానస్థుడు, చెవి మీద పెన్సిలు.

పుచ్చిన చట్రాలు చూసి పెదవి విరిచాడు. టేపు పట్టి కొలిచాడు. కొత్త తలుపులు లోపలికి తెరుచుకోవాలా, బయటికా అని మాస్టారిని అడిగాడు. మాస్టారు పెద్ద మేడం వైపు చూశారు. ఆవిడ వరండాలో గుమిగూడిన ఆడపిల్లల్ని చూపించి, "వాళ్ళనడుగు నాయనా," అన్నారు.

బయటికైతే వరసలో నిలబడ్డవాళ్ళకి తగులుతుంది అంది ఒక పిల్ల. లోపలికైతే బకెట్ అడ్డమొస్తుంది అంది ఇంకో పిల్ల. బకెట్ మూలకి జరపొచ్చు కదా అంటే, మూలకి జరిపితే కుళాయి అందదు అన్నారు. దర్జీ గారి అమ్మాయి గుమ్మంలో నిలబడి, చెయ్యి తలుపులా ఇటూ అటూ తిప్పి చూసింది. కుళాయి ఏ చేతి వైపు ఉందో తేల్చడానికి నలుగురు లోపలికి వెళ్ళారు.

"తొందరగా తేల్చండమ్మా, మడతబందులు బిగించాక మారదు," అన్నాడు వడ్రంగి.

మాస్టారికి ఒక మాట నోటిదాకా వచ్చింది. మింగేసి, వరండా మెట్టు మీద కూర్చున్నారు. పిల్లలు తేల్చేలోగా వడ్రంగి కూడా సంచీ కింద పెట్టి ఆయన పక్కన కూర్చున్నాడు.