మిద్దె మెట్ల మీద అత్త

రాత్రి పన్నెండున్నరకు చప్పుడు చేయకుండా లేచాను. ఐదో నెల కడుపుతో చప్పుడు చేయకుండా లేవడం ఎంత కష్టమో మగవాళ్లకు చెప్పినా అర్థం కాదు. అర్థం కావలసిన మగవాడు, మా ఆయన దావీదు, బస్సు కండక్టరు. ఆ రాత్రి నంద్యాలలో డ్యూటీలో ఉన్నాడు. ఆళ్లగడ్డ ఇంట్లో నేనూ, మా అత్త హన్నమ్మా, ఇద్దరమే. ఎనభై ఐదు మే నెల. సంపూర్ణ చంద్రగ్రహణమని రేడియోలో చెప్పారు.

నాకు గ్రహణం చూడాలనే సరదా ఏమీ లేదు. ఒక సంగతి తేల్చుకోవాలి, అంతే.

రెండేళ్ల కిందట నా తొలిబిడ్డ గ్రహణం మొర్రితో పుట్టాడు. పాలు తాగలేక పంతొమ్మిదో రోజున నంద్యాల ఆసుపత్రిలో పోయాడు. వాడు కడుపులో ఉన్నప్పుడు, క్రిస్మస్ అయిన వారానికి, పొద్దుగూకే వేళ నీళ్ల బిందెతో వస్తూ గ్రహణం పట్టిన చంద్రుణ్ణి చూశాను. దాంతో బిడ్డను నేనే పొట్టనబెట్టుకున్నానని ఊరు తీర్మానించేసింది. మా అత్త మాత్రం ఊరి మీద ఇంతెత్తున లేచేది. "మేము క్రీస్తు బిడ్డలం, మాకు గ్రహణాలు ల్యావు, పోండి!" అనేది. ఆ ఒక్క మాటకు ఆమె అంటే నాకు ప్రాణం.

ఇప్పుడు గ్రహణం చూసి కూడా ఈ బిడ్డ నిండు పెదవులతో పుడితే, ఆ బిడ్డ పోవడం నా తప్పు కాదు. చూడకుండా దాక్కుంటే, ఈ బిడ్డ ఎంత చక్కగా పుట్టినా ఊరి మాటే నిజమవుతుంది. మరి చూశాక ఈ బిడ్డకూ ఏమైనా అయితే? అక్కడికొచ్చేసరికి బుర్ర మొరాయించేది. బడిలో నలభై మందికి ఎక్కాలు నేర్పే ఈ జీవరత్నం టీచరుకు ఇది ఎటు తిప్పినా తేలలేదు.

మిద్దె మెట్ల దగ్గరికి వెళ్తే, మూడో మెట్టు మీద అత్త అడ్డంగా కూర్చుని ఉంది.

"యాడికి పోతాండావ్?"

"మిద్దె మీదికి, గాలికి."

"గాలి కిందా ఉంది. పో, పండుకో."

నాకు ఒళ్లు మండింది. సాయంత్రం కత్తిపీట ఎందుకు కనపడలేదో, "కూరెందుకులే, ఊరిమిండి నూరుకుంటే చాలు" అని ఎందుకందో అప్పుడు అర్థమైంది. గ్రహణం నాడు కడుపుతో ఉన్న మనిషి ఏదీ కోయకూడదట.

"ఏందత్తా ఇది? మనకు గ్రహణాలు ల్యావంటివే!"

"ల్యావు."

"మరి కత్తిపీట యాడ దాచినావు?"

ఆమె తల దించుకుని అడిగింది.

"ఆ పొద్దు నిన్ను నీళ్లకు పంపించింది ఎవురు?"

నువ్వే కదా అనబోయి ఆగిపోయాను.

"గ్రహణమని నాకు తెలుసు. పక్కింటి కమలాక్షమ్మ చెప్పి మరీ పోయింది. నా విశ్వాసం ఎంతదో ఆయమ్మకు చూపియ్యల్లని నిన్ను పంపిస్తి. నీ బిడ్డను పందెం పెట్టి చూపిస్తినమ్మీ. ఊరి మీద నేను అరిచిందంతా నీకోసమే అనుకుంటివా?"

కోపం రావాలి, వచ్చింది కూడా. ఎవరి మీదో మాత్రం తెలియలేదు. ఇన్నాళ్లూ ఆమె నన్ను వెనకేసుకొచ్చిందా, తనను తానే వెనకేసుకొచ్చిందా? నేను చూసి, బిడ్డ మంచిగా పుడితే ఆమె కూడా గట్టెక్కుతుంది. చూడకపోతే ఇద్దరమూ చచ్చేదాకా ఇంతే.

"చూడనా, వద్దా? నువ్వే చెప్పత్తా," అన్నాను.

మెట్ల మీద వెన్నెల తగ్గిపోతూ వచ్చింది. అత్త గోడ పట్టుకుని పక్కకు జరిగి దారి ఇచ్చింది.

ఆమెను దాటి ఒక మెట్టు ఎక్కాను. రెండో మెట్టు ఎక్కబోతే వెనక్కి లాగినట్టయింది. తిరిగి చూస్తే నా కొంగు ఆమె పిడికిట్లో ఉంది.

"పో, పోయి చూడు," అంటూనే ఉంది. పిడికిలి మాత్రం వదలడం లేదు.